లెక్కల పుస్తకానికే పరీక్ష

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వాడే లెక్కల పుస్తకాల్లో పిల్లలకు నిజంగా లెక్కలు నేర్పేది ఏది? ఈ ప్రశ్న మీద అమెరికాలో అరవై ఏళ్లకు పైగా పరిశోధన సాగుతోంది. దేశమంతటికీ ఒకే పాఠ్యపుస్తకం అక్కడ లేదు. రాష్ట్రాలు, స్థానిక విద్యా బోర్డులు తమకు నచ్చినవి ఎంచుకుంటాయి. అందుకే పుస్తకాలను ఒకదానితో ఒకటి పోల్చడం అవసరమైంది.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక అమెరికా బడుల్లోకి 'న్యూ మ్యాథ్' అనే కొత్త గణిత బోధనా విధానం వచ్చింది. దాన్ని ముందుండి నడిపిన ఎడ్వర్డ్ బెగల్ బృందమే 1962లో ఓ భారీ అధ్యయనం మొదలుపెట్టి, లక్షమందికి పైగా విద్యార్థులను ఐదేళ్లపాటు గమనించింది. ఏ పుస్తకం దేనికి పెద్దపీట వేస్తే పిల్లలు అందులోనే రాణించారని తేలింది. తర్వాతి వివాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

1989లో గణిత ఉపాధ్యాయుల జాతీయ మండలి కొత్త ప్రమాణాలు ప్రకటించింది. వాటికి తగ్గ పుస్తకాల తయారీకి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులిచ్చింది. అలా మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో పుట్టిందే 'కనెక్టెడ్ మ్యాథమెటిక్స్'. అందులో నిష్పత్తుల పాఠంలో నారింజ పానీయం సమస్య ఒకటి ఉంటుంది. ఒక మిశ్రమంలో 2 కప్పుల చిక్కటి రసానికి 3 కప్పుల నీళ్లు, మరోదానిలో 3 కప్పులకు 5. నారింజ రుచి దేనిలో ఎక్కువ? సూత్రం ముందుగా చెప్పరు. మొదటిదానిలో రసం 40 శాతం, రెండోదానిలో 37.5 శాతం అని పిల్లలే తర్కించుకుని తేల్చాలి.

1999లో అమెరికా విద్యాశాఖ 'కనెక్టెడ్ మ్యాథమెటిక్స్'ను ఆదర్శప్రాయమైన కార్యక్రమాల జాబితాలో చేర్చింది. కొన్ని వారాలకే సుమారు 200 మంది గణితవేత్తలు, శాస్త్రవేత్తలు ఆ జాబితాను ఉపసంహరించుకోవాలంటూ వాషింగ్టన్ పోస్ట్‌లో బహిరంగ లేఖ ప్రచురించారు. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 698 అధ్యయనాలను వడపోసింది. వాటి ఆధారంగా ఏ ఒక్క పుస్తకం గురించీ గట్టిగా తీర్పు చెప్పలేమంది. ఆ నివేదిక నిజాయతీ మెచ్చదగ్గది.

ఆ తర్వాత లాటరీ పద్ధతిలో బడులను రెండు జట్లుగా విడదీసి పోల్చే ప్రయోగాలకు ప్రాధాన్యం పెరిగింది. మధ్య అట్లాంటిక్ ప్రాంతంలో 70 పాఠశాలల ఆరో తరగతి విద్యార్థులపై చేసిన ప్రయోగం ఫలితాలు 2012లో వచ్చాయి. ప్రామాణిక పరీక్షలో 'కనెక్టెడ్' పిల్లలు మిగతావారికన్నా మెరుగ్గా రాయలేదు. పరిశోధకుడు జిన్ఫా కాయ్ బృందం మూడేళ్లపాటు చేసిన అధ్యయనంలో మాత్రం మరో కోణం బయటపడింది: కూడికలు, తీసివేతల వంటి గణనలో 'కనెక్టెడ్' పిల్లలు వెనకబడలేదు, ఆలోచించి రాయాల్సిన సమస్యల్లో ఎక్కువ ఎదిగారు. ఏ ప్రశ్నలు ఇచ్చారో చూడకుండా మార్కులను మాత్రమే పోలిస్తే ఈ తేడా కనిపించదు.

కాలం కూడా లెక్కలోకి వస్తుంది. 'కాగ్నిటివ్ ట్యూటర్' అనే బీజగణిత కార్యక్రమాన్ని రాండ్ అనే పరిశోధన సంస్థ ఏడు రాష్ట్రాల్లో పరీక్షించింది. మొదటి ఏడాది ప్రయోజనం కనిపించలేదు. రెండో ఏడాది హైస్కూళ్లలో స్పష్టమైన మెరుగుదల వచ్చింది, మిడిల్ స్కూళ్లలో మాత్రం గణాంకపరంగా రుజువు కాలేదు.