ట్యాంకు నిండా పెట్రోలుతో స్పోర్ట్స్ కారు ఎంత దూరం పోతుంది?

వాహనం ఒక ట్యాంకు ఇంధనంతో పోగల దూరాన్ని తెలుసుకొను సూత్రం సులభమైనది. ట్యాంకులో పట్టు లీటర్లను, లీటరుకు వచ్చు కిలోమీటర్లతో గుణించవలెను. అయితే ఆ రెండవ అంకె స్థిరమైనది కాదు. వేగాన్ని బట్టి మారుతుంది.

ఇందుకు మంచి ఉదాహరణ 2005లో ఫ్రాన్సులో తయారీ మొదలైన బుగాట్టి వేరాన్. దీని ట్యాంకు 100 లీటర్లు. సాధారణ వేగంలో లీటరుకు 4 కిలోమీటర్ల చొప్పున సుమారు 400 కిలోమీటర్లు పోతుంది. అంటే పావగడ నుంచి బెంగుళూరు పోయి, తిరిగి రావచ్చును. అదే కారు గంటకు 407 కిలోమీటర్ల గరిష్ఠ వేగంతో పరుగెత్తితే ట్యాంకు సుమారు 12 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అప్పటికి సాగిన దూరం 80 కిలోమీటర్లే. తుమకూరు కూడా చేరదు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఇంధనంలో అధిక భాగం గాలిని చీల్చుటకే ఖర్చవుతుంది.

ఈ లెక్క మన సరిహద్దు గ్రామాల కుటుంబాలకూ పనికివస్తుంది. పావగడ తాలూకాను చాలావరకు ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉన్నది. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం పెట్రోలుపై అమ్మకపు పన్నును 25.92 నుంచి 29.84 శాతానికి పెంచిన తరువాత కూడా ఆంధ్ర వైపు బంకుల్లోనే ధర ఎక్కువగా నిలిచింది. అందుచేత అటువారు ఇటు వచ్చి ట్యాంకు నింపుకొనుట వాడుక.

అది లాభమేనా? లీటరు 100 రూపాయలు, ధరల తేడా 6 రూపాయలు అనుకొందాము. రానుపోను 20 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చు బైకులో 8 లీటర్లు పోయించుకొంటే మిగులు 48 రూపాయలు, దారి ఖర్చు 40. చేతికి దక్కేది 8 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చు కారులో 35 లీటర్లకు మిగులు 210, దారి ఖర్చు 133. దక్కేది 77 రూపాయలు. రెండు మూడు లీటర్ల కోసమే బయలుదేరితే నష్టమే. సంతకో, ఆస్పత్రికో వచ్చినపుడు నింపుకొనుట మేలు.

మీ బండి అసలు మైలేజీ తెలియవలెనంటే ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె వ్రాసుకొనండి. మరల నింపినపుడు, తిరిగిన కిలోమీటర్లను అప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి. చౌకగా దొరికినదని పెట్రోలును సీసాల్లో, క్యాన్లలో ఇంట నిలువ చేయుట మాత్రం ప్రాణాపాయం. దాని ఆవిరికి పొయ్యి నిప్పురవ్వ చాలును.