మందు మానుటయు నొక విద్యయే

ఔషధమును పుచ్చుకొను విధమును చెప్పువారు లోకమున ననేకులు కలరు. దానిని మాను విధమును చెప్పువారు మిక్కిలి యరుదు. రోగము నెమ్మదించిన వెంటనే మందు కట్టిపెట్టుట మన యిండ్లలో వివేకముగా నెన్నబడుచున్నది. "నయమైనది గదా, ఇంకను మందేల?" అని పెద్దలందురు, ఖర్చు తగ్గినదని తక్కినవారు సంతోషింతురు. కాని స్టెరాయిడ్లని పేరుగల మందుల విషయమున నీ వివేకమే ప్రాణమునకు ముప్పు తేగలదు. కీళ్లవాతమునకో, ఉబ్బసమునకో, చర్మవ్యాధికో వానిని నెలల తరబడి సేవించినవాడు ఒక్క పెట్టున మానరాదు. మెట్టు మెట్టుగా దిగవలెను. ఈ సత్యమును వైద్యలోక మెట్లు నేర్చుకొనెనో, అది మన పల్లెల గడప కేల చేరలేదో విచారించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

మన ప్రాచీనులీ విషయమున బొత్తిగా మౌనము వహింపలేదు. అలవాటుపడిన యపథ్యమునైనను మనుజు డొక్కసారిగా విడువరాదనియు, దానిని పాదము పాదముగా తగ్గించుచు హితమైనదానిని పాదము పాదముగా నలవరచుకొనవలెననియు చరకసంహిత సూత్రస్థానమున చెప్పబడియున్నది. ఇందుచేత నేటి మందుల మర్మమంతయు మన ఋషులెరిగియుండిరని చెప్పుట మా యభిప్రాయము కాదు. అట్టి యతిశయోక్తి వలన శాస్త్రమునకు లాభము లేదు, ఋషులకు గౌరవమును లేదు. దేహము దేనితో చిరకాలము సహవాసము చేయునో దానికి తగినట్లు మారుననియు, ఆ మార్పు మరలుటకు కాలము పట్టుననియు వారు కనిపెట్టిరి. స్టెరాయిడ్ల విషయమున నా మార్పు ఏ యవయవమున కలుగునో చూపినది మాత్రము ఇరువదవ శతాబ్దపు పరిశోధనమే.

మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వానికి అధివృక్క గ్రంథులని పేరు. ఇవి చెడినవారు క్రమముగా నీరసించి, చర్మము నల్లబడి, మరణింతురని 1855లో లండను నగరమందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ ఆడిసన్ వ్రాసెను. మరుసటి సంవత్సరమున బ్రౌన్ సెకార్ అను శాస్త్రజ్ఞుడు జంతువులనుండి వీనిని తీసివేయగా అవి బ్రదుకలేదు. ఈ గ్రంథులలో పుట్టు కార్టిసాల్ అను రసము రక్తపు పోటును, రక్తమందలి చక్కెరను నిలుపును. జ్వరము, గాయము, శస్త్రచికిత్స వంటి యాపద కలిగినపుడు ఆరోగ్యవంతుని గ్రంథులు దీనిని మామూలుకంటె నధికముగా పుట్టించి దేహమును కాపాడును.

1930 తరువాత అమెరికాలోని మేయో వైద్యశాలయందు ఎడ్వర్డ్ కెండాల్, స్విట్జర్లాండులో రైఖ్‌స్టైన్, ఈ గ్రంథుల సారమును వేరుచేయ పూనుకొనిరి. 1937లో డ్వైట్ ఇంగిల్ అను శాస్త్రజ్ఞుడు కెండాల్‌తో కలసి యెలుకలకు ఆ సారమును విశేషముగా నిచ్చి చూడగా, వాని సొంత గ్రంథులు కృశించిపోయెను. ఈ చరిత్రకంతకును కీలకము ఈ చిన్న ప్రయోగమే యని మా తలంపు. ఆ సారము మనుష్యులకు వాతపు మందగుటకు 11 సంవత్సరములు ముందుగానే, దాని వెనుక పొంచియున్న యపాయమేదో పరిశోధనశాలలో కనబడినది.

1948 సెప్టెంబరు 21వ తేదీన అదే మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, కీళ్లవాతముతో కదలలేకుండిన 29 ఏండ్ల స్త్రీకి ఈ మందు నిప్పించెను. మెర్క్ కంపెనీవారు ఎద్దుల పిత్తమునుండి బహు శ్రమతో దానిని తయారుచేసిరి. కొలది దినములలోనే యామె లేచి నడచెను. కార్టిసోన్ అను పేరు లోకమంతట మారుమ్రోగెను. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్ ముగ్గురకును నోబెల్ బహుమానము లభించెను. కాని మందు మానినవారికి వ్యాధి మరల తలయెత్తుచుండెను. ఎక్కువకాలము వాడినవారి ముఖములు గుండ్రముగా నుబ్బుచుండెను. 1952లో అమెరికా వైద్యసంఘపు పత్రికయం దొక విషాద వృత్తాంతము వెలువడెను. నెలల తరబడి కార్టిసోన్ సేవించిన యొక కీళ్లవాత రోగి శస్త్రచికిత్సకు పిమ్మట రక్తపు పోటు పడిపోయి, ఎన్ని యుపచారములు చేసినను తేరుకొనక మరణించెను. శవపరీక్షలో నాతని అధివృక్క గ్రంథులు కృశించియుండెను. ఎలుకలు చెప్పిన మాట వైద్యుల చెవి కెక్కుట కొక నిండు ప్రాణము వ్యయమయ్యెను.

ఇట్లేల జరుగును? మెదడు క్రిందనుండు పీయూష గ్రంథి ప్రతిదినమును అధివృక్క గ్రంథికి పనిచేయుమని యాజ్ఞ పంపుచుండును. బయటనుండి మందు వచ్చి రక్తమున నిండినపుడు, కావలసినంత కలదని తలచి, ఆ యాజ్ఞను మానివేయును. పొరుగింటినుండి ప్రతిదినమును వండిన యన్నము వచ్చు నింట పొయ్యి రాజుకొనదు. కట్టెలు తడియును, కుండలు పగులును. ఒకనాడు హఠాత్తుగా పొరుగువారి యన్నము నిలిచిపోయినచో ఆ పూట యింటిల్లపాదియు పస్తుండవలసినదే. మందు మానినవాని స్థితియు నిట్టిదే. అతనికి తీరని యలసట, తల తిరుగుట, వాంతులు, కీళ్లనొప్పులు, బరువు తగ్గుట కలుగవచ్చును. ఆ సమయముననే జ్వరమో ప్రమాదమో సంభవించెనా, రక్తపు పోటు పడిపోయి ప్రాణమే పోవచ్చును. ఇంట నది పాత జబ్బు తిరుగబెట్టినదనియో, గాలి సోకినదనియో చెప్పుకొందురు. అసలు కారణ మెవరికిని తట్టదు.

పొయ్యి మరల రాజుకొనుటకు కాల మెంత పట్టును? ఈ ప్రశ్నకు 1965లో గ్రాంట్ లిడిల్ మొదలగు అమెరికా వైద్యులు రోగులను నెలల తరబడి పరీక్షించి సమాధానము చెప్పిరి. మొదట మేల్కొనునది ఆజ్ఞ పంపు పీయూష గ్రంథి. పనిచేయవలసిన అధివృక్క గ్రంథి దాని వెనుక మేల్కొనును. పూర్తిగా కోలుకొనుటకు కొందరికి 9 నెలలకు పైగా పట్టెను. కనుక మోతాదును తగ్గించు క్రమము వైద్యుని చాదస్తము కాదు. గ్రంథి మేల్కొనుట కిచ్చు గడువు.

ఇంతలో మందు చవుకయయ్యెను. మెక్సికో దేశపు అడవిగడ్డలనుండి లభించు పదార్థమును సూక్ష్మజీవుల సాయముతో మార్చి కార్టిసోన్ చేయు మార్గము 1952లో తేలెను. గోదావరి యొడ్డు అడవులలో కోయలును, కొండరెడ్లును కరువు దినములలో త్రవ్వుకొను తీగగడ్డలును ఆ జాతివే. 1955లో ప్రెడ్నిసొలోన్, తరువాత కొలది సంవత్సరములకే అంతకంటె తీవ్రమైన డెక్సామెథసోన్ వచ్చెను. 20 మిల్లీగ్రాముల కార్టిసాల్ చేయు పనిని 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్, ముప్పాతిక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ చేయగలవు. ఇంత చిన్న బిళ్ల యింత పెద్ద పనిచేయుటయు, చవుకగా దొరకుటయు కలసి దానిని మారుమూల పల్లెలకును చేర్చినవి. మందు చేరినది, మాను విద్య మాత్రము వెనుకబడినది.

ఆ విద్య మన ప్రభుత్వమువారికి తెలియనిది కాదు. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లియందు ఇసబెల్ కెర్ కుష్ఠురోగులకై ఆసుపత్రి నెలకొల్పిన కాలమున చాల్‌మూగ్రా నూనెయే వారికి దిక్కు. తరువాతి కాలమున, కుష్ఠురోగమువలన నరములు వాచి కాలుసేతులు పడిపోవు ప్రమాదము కలిగినపుడు ప్రెడ్నిసొలోన్ ఇచ్చు పద్ధతి యేర్పడెను. జాతీయ కార్యక్రమమున దాని క్రమము 12 వారములు: దినమునకు 40 మిల్లీగ్రాములతో నారంభించి, రెండేసి వారముల కొక మెట్టుగా 30, 20, 15, 10, 5 చొప్పున దిగి మానవలెను. మొదటి మెట్లు పెద్దవి, చివరివి చిన్నవి యగుట పాఠకులు గమనింతురు గాక. దేహమున సహజముగా పుట్టవలసిన మోతాదు సమీపించినకొలది మెల్లగా నడవవలెననుటయే యిందలి సూత్రము. ఇది యా రోగమునకే విధింపబడిన పట్టిక. ఇతర రోగములవారు దీనిని తమకు తాము వర్తింపజేసికొనరాదు.

2024లో ఐరోపా, అమెరికా గ్రంథివైద్య సంఘములు కలసి యీ విషయమున సూచనలు ప్రకటించినవి. మూడు నాలుగు వారములకంటె తక్కువ కాలము వాడినవారు మెట్లు దిగ నవసరము లేదు. అంతకు మించి వాడినవారికి, రోగము శాంతించిన పిమ్మట, మోతాదును క్రమముగా సహజపు మట్టమునకు దింపవలెను. అవసరమైనచో ఉదయమున రక్తమందలి కార్టిసాల్‌ను కొలిచి, గ్రంథి మేల్కొన్నదని తెలిసికొని మాన్పింపవలెను.

ఇక మా పినపాక ప్రాంతపు స్థితిని విచారింతము. 2016 వరకు ఖమ్మము జిల్లాయందును, పిదప భద్రాద్రి కొత్తగూడెము జిల్లాయందును చేరిన యీ సీమలో ఒక వంక గోదావరి, ఒక వంక అడవి. మిరపచేలలో వంగి పనిచేయు స్త్రీకి కీళ్లు పట్టినపుడు మొదట దొరకువాడు ఊరి ఆర్.ఎం.పి. వైద్యుడే. కాగితపు పొట్లములో నాలుగు రంగుల బిళ్లలు వచ్చును. వాని పేరు ఇచ్చువాడు చెప్పడు, పుచ్చుకొనువా రడుగరు. అందొకటి స్టెరాయిడైనచో రెండు పూటలలో నొప్పి మాయమగును, ఆకలి పెరుగును, "హస్తవాసి మంచిది" అని కీర్తి వచ్చును. స్టెరాయిడ్ బిళ్లలు వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని చట్టము కలదు. కాని పొట్లమునకు పేరు లేదు. పేరు లేనిదానిని చట్టమెట్లు పట్టుకొనును? తాను పుచ్చుకొనునదేమో యెరుగనివారు దానిని క్రమముగా మానుట యెట్లు?

పొట్లము నిలిచిపోవుటకు మా సీమలో కారణములు పెక్కు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు మించి పారెను. అట్టి వరదలో దారులు మునిగినపుడు, బిళ్లలైపోయినవాడు తన యిచ్ఛ లేకయే మందు మానినవాడగును. కనుక వైద్యుని యాజ్ఞపై నీ మందును వాడువారు వానకాలమునకు ముందే రెండు మూడు వారములకు సరిపడు బిళ్లలు తడియని డబ్బాలో దాచుకొనుట మంచిది.

దీనికి విరుద్ధమైన తప్పును కలదు. 2020లో ఇంగ్లాండున జరిగిన పరిశోధనలో, ప్రాణవాయువు అవసరమైన కరోనా రోగులను డెక్సామెథసోన్ కాపాడునని తేలెను. ఆ యవసరము లేనివారికి దానివలన మేలు కనబడలేదు. అయినను 2021లో మన దేశమున ననేకులు దానిని విచ్చలవిడిగా వాడిరి. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వము బ్లాక్ ఫంగస్‌ను తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటింపవలసివచ్చెను; చక్కెరవ్యాధియు, స్టెరాయిడ్ల మితిమీరిన వాడుకయు దానికి తోడ్పడినవి. అప్పటినుండి స్టెరాయిడను పేరు వినినంతనే భయపడి, వైద్యుడిచ్చిన బిళ్లలను పెరటిలో పారవేయువారును కలరు. ఉబ్బసరోగికిని, మూత్రపిండ వ్యాధిగల బిడ్డకును ఈ మందు ప్రాణదాత. అతివిశ్వాసముతో వాడుట యెంత కీడో, భయముతో నొక్కసారిగా విడుచుటయు నంత కీడే.

కావున గృహిణులకును గృహస్థులకును మేము విన్నవించునది స్వల్పము. పేరు చెప్పని బిళ్లను పుచ్చుకొనకుడు. ఈ మందు వాడువారి పేరు, మోతాదు, మొదలిడిన తేదీ తెలుగున నొక చీటిపై వ్రాసి వెంట నుంచుడు. ఏ వైద్యుని యొద్దకు పోయినను, పంటి వైద్యుని యొద్దకైనను, దానిని చూపుడు. జ్వరము వచ్చినపుడు మందు మానకుడు. అప్పుడు మోతాదు పెంచవలసియుండును గాన వైద్యు నడుగుడు. వాంతులచేత బిళ్ల నిలువకున్నచో జాగు సేయక ఆసుపత్రికి తీసికొనిపొండు. అక్కడ సూదిమందుగా నిత్తురు. ఇన్నాళ్లు తెలియక పొట్లములు వాడినవారు భయపడి నేడే మానవలదు. మిగిలిన బిళ్లలతో ప్రభుత్వ వైద్యుని కడకు పోయి, దిగు మెట్లు వ్రాయించుకొనవలెను. మన బడులలో చదువు నేర్చిన పిల్లలు ఇంటిలోని యవ్వకు బిళ్లమీది పేరు చదివి చెప్పగలిగిననాడు, ఆ చదువు సార్థకమైనదని మేము తలంతుము.