అదే కథ ఎన్నిసార్లు చెప్పాలి? నల్లకుంట నుంచి మాదాపూర్ దాకా

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ ఎపిసోడ్‌లో లైంగిక హింస కేసుల ప్రస్తావన ఉంటుంది. ఏం జరిగిందో వివరాల్లోకి వెళ్లను, బాధితుల పేర్లు చెప్పను. అయినా ఇబ్బందిగా అనిపిస్తే మధ్యలో ఆపేయండి, పర్లేదు. ఇలా ముందే చెప్పడం కూడా ఈరోజు టాపిక్‌లో భాగమే. ఎందుకో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

నేను కౌన్సెలర్‌ని. ట్రైనింగ్ రోజుల్లో మాదాపూర్‌లో ఒక ఆఫీసులో వారానికి రెండు రోజులు కూర్చునేదాన్ని. నాకిచ్చింది ఒక గ్లాస్ క్యాబిన్. అద్దం మీద మసక స్టిక్కర్ సగం దాకానే ఉండేది, లోపల కూర్చున్నవాళ్ల చెప్పులు బయటికి కనిపించేవి. అక్కడికి ఒకరోజు ఒకమ్మాయి వచ్చింది. కొన్ని నెలల క్రితం తనకి జరిగింది చెప్పడానికి వచ్చింది. నేను ఏమన్నానో తెలుసా? "మొదటి నుంచి చెప్పండి, ఏదీ వదలకుండా" అన్నాను. పుస్తకం పెన్ను పట్టుకుని మరీ.

తను చెప్పింది. పొద్దున స్టాండప్ మీటింగ్‌లో స్టేటస్ చెప్తారు చూడండి, అలా. ఒక్క కన్నీటి చుక్క లేదు. నేను నా నోట్స్‌లో "ముఖంలో బాధ కనిపించలేదు" అని రాసుకున్నాను. చివర్లో తను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "ఇది హెచ్‌ఆర్‌కి వెళ్తుందా?" వెళ్లదు. కానీ ఆ మాట నేను మొదట్లో చెప్పాలి కదా, చెప్పలేదు. రెండో సెషన్‌కి తను రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

నేను రాసిన ఆ ఒక్క వాక్యం ఉంది చూశారా, అది నా సొంతం కాదు. నాకంటే చాలా పాతది. దాని చరిత్రే ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు మాట సంగతి. ట్రామా అనగానే మనకి రోడ్డు పక్కన ఆసుపత్రి బోర్డు గుర్తొస్తుంది, యాక్సిడెంట్, విరిగిన కాలు. అసలు ఆ గ్రీకు మాటకి గాయం అనే అర్థం. మనసుకి తగిలే గాయానికి డాక్టర్ల పుస్తకంలో సరైన చోటు దొరకడానికి చాలా టైమ్ పట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు వణుకుతూ, మాట పడిపోయి వస్తే 'షెల్ షాక్' అన్నారు. పిరికితనం అని శిక్షలు వేసిన సందర్భాలూ ఉన్నాయి. వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవాళ్లు పోరాడాకే 1980లో పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా సైకియాట్రీ మాన్యువల్‌లోకి ఎక్కింది.

సైనికుల కథ చాలా మందికి తెలుసు. నాకు ఇంకో దారి ముఖ్యం అనిపిస్తుంది. 1972లో బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో ఇద్దరు ఆడవాళ్లు ఒక పని మొదలుపెట్టారు. ఆన్ బర్జెస్ నర్సింగ్ నుంచి వచ్చారు, లిండా హోమ్‌స్ట్రమ్ సోషియాలజిస్టు. అత్యాచారం జరిగి ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి మహిళ దగ్గరికీ, రాత్రి అయినా పగలు అయినా, వెళ్లి మాట్లాడారు. 92 మంది. 1974లో అచ్చయిన వాళ్ల వ్యాసంలో ఒక పరిశీలన ఉంది: వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది ఏడ్చారు, వణికారు. మిగతా సగం మంది ప్రశాంతంగా, ఏమీ జరగనట్టు కూర్చున్నారు. ఇద్దరికీ జరిగింది ఒకటే.

అంటే ఏంటన్నమాట? ఏడవకపోవడం అబద్ధానికి గుర్తు కాదు. నేను ఆ క్యాబిన్‌లో కూర్చునేటప్పటికి ఈ సంగతి తెలిసి దశాబ్దాలు గడిచాయి. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ వెతుక్కోలేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1978 మార్చి, నల్లకుంట పోలీస్ స్టేషన్. సినిమా చూసి ఇంటికెళ్తున్న ఒకామెని స్టేషన్‌కి తీసుకెళ్లారు. అక్కడ ఆమెపై పోలీసులే అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే ఆమె భర్తని కొట్టారు, ఆయన చనిపోయాడు. ఊరు ఊరంతా భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ఆమె పేరు చాలా పుస్తకాల్లో ఉంది, ఆ కేసుని ఆమె పేరుతోనే పిలుస్తారు. నేను ఇక్కడ చెప్పను.

ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్‌తో కమిషన్ వేసింది. కమిషన్ ముందు జరిగింది చదివితే కడుపు రగిలిపోతుంది. పోలీసుల తరఫువాళ్లు ఆ రాత్రి ఏం జరిగింది అనేదాన్ని పక్కకి నెట్టి, ఆమె ఎలాంటిది అనేదాన్ని ముందుకి తెచ్చారు. ఆమె శీలం గురించి మాట్లాడటానికి సాక్షుల్ని తెచ్చి నిలబెట్టారు. అంత చేసినా కమిషన్ పోలీసులే దోషులని తేల్చింది. తర్వాత కేసు రాయచూర్ కోర్టుకి బదిలీ అయింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

అదే 1978లో సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. మహారాష్ట్రలో దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో 1972లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద జరిగిన అత్యాచారం కేసు అది. ఒంటి మీద గాయాలు లేవు, కాబట్టి ఆమె ప్రతిఘటించలేదు, కాబట్టి నేరం రుజువు కాలేదు. కోర్టు తర్కం ఇలా నడిచింది. ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో చీఫ్ జస్టిస్‌కి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా మహిళా సంఘాలు రోడ్డెక్కాయి.

ఇక్కడ ఆగి ఒక మాట. తెలుగులో మనకి ఒక మంచి మాట ఉంది: కొయ్యబారిపోవడం. పెద్దవాళ్లని అడగండి, పామును దగ్గర్లో చూసి కదల్లేక నిలబడిపోయినవాళ్ల కథలు చెప్తారు. కాళ్లూ చేతులూ ఆడవు, నోట మాట రాదు. శాస్త్రం దీన్నే టానిక్ ఇమ్మొబిలిటీ అంటుంది. ప్రాణభయం మరీ ఎక్కువైతే శరీరం పారిపోదు, పోరాడదు, బిగుసుకుపోతుంది. ఆమె చేతుల్లో ఉండేది కాదు అది. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల ఆసుపత్రికి వచ్చిన 298 మంది మహిళల్ని అడిగితే, 70 శాతం మంది ఆ సమయంలో గట్టిగా ఇలా బిగుసుకుపోయామని చెప్పారు. 2017లో అచ్చయింది ఆ అధ్యయనం. 1978లో కోర్టు ఎక్కడైతే 'ప్రతిఘటించలేదు' అని చదివిందో, అక్కడ చదవాల్సింది 'కదల్లేకపోయింది' అని.

చట్టం నెమ్మదిగా నేర్చుకుంది. 1983 సవరణతో విచారణ మూసిన గదిలో జరపాలన్నారు, బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం అయింది. నేను పేరు చెప్పకపోవడానికి చట్టం ఒక కారణం, కానీ అదొక్కటే కాదు. 2002 సవరణతో ఆమె 'నడవడి'ని అడ్డంపెట్టుకుని సాక్ష్యాన్ని కొట్టేసే సెక్షన్ పోయింది. ఢిల్లీ ఘటన తర్వాత 2013లో, శరీరంతో ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు అని చట్టంలో నేరుగా రాశారు. పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం ఇంకా ముందుకెళ్లింది. వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫామ్‌లో ఉండకూడదు, బిడ్డకి నిందితుడు కనపడకూడదు, లాయర్ ప్రశ్నలు జడ్జి ద్వారానే అడగాలి, మాటిమాటికీ కోర్టుకి పిలవకూడదు. ట్రామా-ఇన్ఫార్మ్డ్ అనే మాట ఆ చట్టంలో లేదు. కానీ విషయం అదే.

ఇక మన కారిడార్. 1998 నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఊళ్ల నుంచి అమ్మాయిలు, అబ్బాయిలు బ్యాగులతో వచ్చి దిగారు, హాస్టళ్లు వచ్చాయి, నైట్ షిఫ్టులు వచ్చాయి. 2013 అక్టోబర్‌లో మాదాపూర్‌లో మాల్ బయట క్యాబ్ ఎక్కిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని కిడ్నాప్ చేశారు, అత్యాచారం చేశారు. మీడియా 'అభయ' అని పిలిచింది. 2014 మేలో ఇద్దరికి 20 ఏళ్ల శిక్ష పడింది. మన కోర్టుల స్పీడు తెలిసినవాళ్లకి ఇది ఎంత త్వరగానో అర్థమవుతుంది.

తెలంగాణ వచ్చాక పూనం మాలకొండయ్య కమిటీ, 2014 అక్టోబర్‌లో షీ టీమ్స్. షీ టీమ్స్ గురించి మీకు రీల్స్‌లో చాలా దొరుకుతుంది, వదిలేద్దాం. నాకు నచ్చింది 2016 మేలో హైదరాబాద్‌లో మొదలైన 'భరోసా' సెంటర్. పోలీసు, డాక్టరు, లాయరు, కౌన్సెలర్ ఒకే కప్పు కింద. దాని వెనక లెక్క చాలా సింపుల్: ఆమె నాలుగు ఆఫీసులు తిరిగి నాలుగుసార్లు చెప్పుకోకూడదు. 2018లో అక్కడే పిల్లల కోసం వేరే కోర్టు కూడా పెట్టారు. నల్లకుంట నుంచి అక్కడికి దూరం కొన్ని కిలోమీటర్లే. పట్టింది మాత్రం దాదాపు 40 ఏళ్లు.

మరి చట్టం నేర్చుకుంటుంటే మేం, అంటే మానసిక ఆరోగ్యం వాళ్లం, ఏం చేస్తున్నాం? మేం మాట్లాడించడమే మందు అనుకున్నాం. 1980ల్లో జెఫ్రీ మిచెల్ అనే ఆయన 'డీబ్రీఫింగ్' తెచ్చారు. ఫైర్ సిబ్బంది, అంబులెన్స్ సిబ్బంది కోసం తయారైంది. ఘోరం జరిగిన కొన్ని రోజుల్లోనే కూర్చోబెట్టి అంతా చెప్పించాలి. తర్వాత దాన్ని అందరికీ వాడేశారు. 2002లో కాక్రేన్ సమీక్ష అధ్యయనాలన్నీ తిరగేసి చూస్తే, బాధితులకి ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ ఆగుతుందన్న ఆధారం లేదు. ఒక అధ్యయనంలో అయితే రిస్క్ పెరిగింది. పుండు మానేలోపే రేపినట్టు. అందుకే 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ గైడ్ వేరే దారి పట్టింది: పక్కన ఉండండి, అవసరం ఏంటో అడగండి, చెప్తే వినండి, చెప్పమని ఒత్తిడి చేయకండి.

ట్రామా-ఇన్ఫార్మ్డ్ కేర్ అనే ఆలోచనని 2001లో మాక్సీన్ హారిస్, రోజర్ ఫాలట్ ఒక పద్ధతిగా రాశారు. ట్రామాకి చికిత్స చేయడం వేరు, ఇది వేరు. ఎవరికి గాయం ఉందో మనకి తెలియదు, కాబట్టి ప్రతి మనిషికీ దెబ్బ తగలకుండా ఆసుపత్రిని, ఆఫీసుని, రిసెప్షన్‌ని, ఫారమ్‌ని మార్చుకోవడం. వాచ్‌మన్ కూడా ఇందులో భాగమే.

నేను తర్వాత ఒక మంచి గురువు దగ్గర నేర్చుకున్నప్పుడు మొదటి రోజంతా కుర్చీల గురించే. నవ్వకండి. వచ్చినవాళ్లకి తలుపు కనపడాలి, తలుపుకీ వాళ్లకీ మధ్య నేను కూర్చోకూడదు. తలుపు వేయనా అని అడగాలి. ఏం రాసుకుంటానో, ఆ కాగితం ఎవరు చూస్తారో, ఏ పరిస్థితిలో నేను వేరేవాళ్లకి చెప్పక తప్పదో ముందే చెప్పాలి. వాళ్లు చెయ్యి ఎత్తితే అక్కడితో ఆపేయాలి. చెప్తూ చెప్తూ చూపు ఎటో పోతే, కథ ఆపి, కాళ్లు నేలకి ఆనిస్తారా, ఈ గదిలో నీలం రంగువి ఏమున్నాయి అని మెల్లగా ఇక్కడికి తీసుకురావాలి. కథ మొత్తం అక్కర్లేదు. రాత్రి నిద్ర పడుతోందా, హాస్టల్‌కి వెళ్లే దారి భయంగా ఉందా, ఈ వారం గడవడానికి ఏం కావాలి, మొదటి రోజుకి ఇవి చాలు. రోజంతా ఇలాంటివి వినే కౌన్సెలర్‌కీ గాయం అంటుకుంటుంది, మాకూ ఒక సూపర్‌వైజర్ ఉండాలి.

ఐటీ కారిడార్‌లో ఇంకో చిక్కు ఉంది. ఒక్కసారి లెక్కపెట్టండి. ఆఫీసులో వేధింపు జరిగిందనుకుందాం. రూమ్మేట్‌కి చెప్తుంది. మేనేజర్‌కి చెప్తుంది. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి ఆఫీసులో ఇంటర్నల్ కమిటీ ఉండాలి కాబట్టి వాళ్లకి రాసిస్తుంది, తర్వాత నోటితో చెప్తుంది. పోలీసు దాకా వెళ్తే అక్కడ, డాక్టర్ దగ్గర, మేజిస్ట్రేట్ ముందు. చివరికి నాలాంటిది ఒకతె పెన్ను పట్టుకుని "మొదటి నుంచి చెప్పండి" అంటుంది. పైగా ఈ సెషన్ వీడియో కాల్‌లో అయితే, పక్క మంచం మీద రూమ్మేట్ ఉంటుంది. అందుకే ఇప్పుడు నేను ముందు అడిగేది "గదిలో ఎవరైనా ఉన్నారా, చాట్‌లో టైప్ చేస్తారా" అని.

కమిటీల్లో కూర్చునేవాళ్లకి చట్టం గురించి ట్రైనింగ్ ఇస్తున్నారు. సాక్షి మాటలు వరస తప్పితే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో కూడా చెప్పాలి. భయంలో దాచుకున్న జ్ఞాపకం టైమ్‌లైన్ ప్రకారం రాదు. అంటే ప్రతి మాటా నమ్మేయమని కాదు. వరస తప్పిందన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదు.

ఇంకోవైపు, ఈ మాట ఇప్పుడు ఫ్యాషన్ కూడా అయిపోయింది. శని, ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసు, సోమవారం సర్టిఫికెట్, మంగళవారం ప్రొఫైల్‌లో 'ట్రామా-ఇన్ఫార్మ్డ్'. క్లినికల్ సైకాలజిస్టులకి 1992 రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది, దానికి ఏళ్ల తరబడి చదువు, ఆసుపత్రిలో పని ఉండాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి చాలాకాలం అలాంటి గేటే లేదు. కాబట్టి మీరు ఎవరి దగ్గరికైనా వెళ్తే అడగండి: ఎక్కడ చదివారు, సూపర్‌విజన్ ఉందా, నా నోట్స్ ఎవరు చూస్తారు? అడిగితే మొహం చిట్లించేవాళ్ల దగ్గర కూర్చోకండి. ఇంకొకటి, అప్రైజల్ సరిగా రాకపోవడాన్ని కూడా ట్రామా అనేస్తున్నాం. బాధే, కాదనను. కానీ ఆ మాటకి బరువు అలా తగ్గించేస్తే, నిజంగా కొయ్యబారిపోయినవాళ్లకి చెప్పుకోవడానికి మాట మిగలదు.

ఆ పాత నోట్స్‌లో "ముఖంలో బాధ కనిపించలేదు" అన్న వాక్యం ఉన్న పేజీ ఇంకా నాకు గుర్తే. ఇప్పుడు కొత్తగా నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి మొదటి రోజు ఆ వాక్యమే బోర్డు మీద రాసి, ఇందులో తప్పేంటో చెప్పమంటాను. చాలామంది అక్షరదోషం వెతుకుతారు.

ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే టెలి-మానస్ నంబర్ 14416. ప్రభుత్వానిది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. కథ మొత్తం చెప్పాల్సిన పని లేదు, నిద్ర పట్టడం లేదు అని మొదలుపెట్టినా చాలు. వచ్చే ఎపిసోడ్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి గురించి మాట్లాడుకుందాం. మనం తిట్టుగా వాడే ఊరి పేరు అది, దాని వెనక పెద్ద కథే ఉంది. ఉంటానండి.