దొరకని నడికట్టు

ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక విద్యార్థి ఆ మధ్య నా దగ్గరికి ఒక ఇంగ్లీషు నవల పట్టుకొచ్చాడు. పేరు 'ఫూల్ మూన్'. రాసినవాడు జిమ్ బుచర్ అనే అమెరికన్. 2001లో అచ్చయింది. చికాగో నగరంలో హారీ డ్రెస్డెన్ అనే మంత్రగాడు బోర్డు కట్టుకుని ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతుంటాడు. పౌర్ణమి రోజుల్లో హత్యలు జరిగి, శవం దగ్గర నెత్తురులో తోడేలు అడుగులు కనిపిస్తే పోలీసులు అతనికి కబురు చేస్తారు. "దీన్ని క్షుద్ర సాహిత్యమని ఒక్క మాటతో తీసిపారేయవచ్చా, సార్?" అని అడిగాడు కుర్రవాడు. అవునని అనబోయి ఆగాను.

ఆగడానికి కారణం ఉంది. 1980 ప్రాంతంలో 'తులసిదళం' వారపత్రికలో ధారావాహికగా వస్తున్నప్పుడు ప్రగతిశీల విమర్శ చేసిన పని సరిగ్గా అదే. క్షుద్ర సాహిత్యమని పేరు పెట్టాం. పేరు పెట్టడం తప్పు కాదు. పేరు పెట్టేసి, ఇక చదవనక్కర్లేదనుకోవడం తప్పు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ హేతువుతో హంతకుణ్ణి పట్టుకుంటుంటే చదివి పెరిగిన పాఠకుడు, ఒక తరం తిరిగేసరికి మంత్రగాడి కథకు ఎందుకు ఎగబడ్డాడు అన్న ప్రశ్నను మనం గట్టిగా వేసుకోలేదు. కనుక ఈసారి పుస్తకం చదివాను. చదివాక, దాని వెనక ఉన్న చరిత్రను వెతుక్కుంటూ చికాగో నుంచి చాలా దూరం వెళ్ళవలసి వచ్చింది.

తోడేలు మనిషి హత్యల దర్యాప్తు కొత్త విషయం కాదు. యూరప్‌లో న్యాయస్థానాలే ఆ పని చేశాయి. అందులో బాగా ప్రచారమైనది జర్మన్ దేశంలో కొలోన్ నగరానికి దగ్గర్లోని బెడ్‌బర్గ్ కేసు. 1589లో పీటర్ స్టుంప్ అనే రైతును పట్టుకున్నారు. దెయ్యం ఇచ్చిన నడికట్టు కట్టుకుని తోడేలుగా మారి 25 ఏళ్ళపాటు పిల్లల్నీ ఆడవాళ్ళనూ చంపి తిన్నాడని అభియోగం. 1589 అక్టోబర్ 31న ఎర్రగా కాల్చిన పట్టకార్లతో అతని ఒంటి మాంసం పెరికి, కాళ్ళూ చేతులూ విరగ్గొట్టి, తల నరికి, మొండేన్ని తగలబెట్టారు. అతని కూతురినీ, అతనితో సంబంధం ఉందన్న మరొక స్త్రీనీ కూడా అదే మంటల్లో కాల్చారు. ఒక స్తంభానికి చక్రం బిగించి, దాని మీద తోడేలు బొమ్మ, ఆ పైన స్టుంప్ తల పెట్టి, చనిపోయినవారి లెక్కకు 16 చెక్కముక్కలు వేలాడదీశారు.

ఈ వివరాలు మనకు తెలియడానికి ఆధారం 1590లో లండన్‌లో అచ్చయిన ఒక చిన్న పుస్తకం. అంటే కేసు ముగిసిన మరుసటి ఏడాదికే అది సముద్రం దాటి, ఇంగ్లీషులోకి మారి, అమ్మకపు సరుకైంది. అపరాధ పరిశోధన నవలకు తాతముత్తాతలు ఎవరని వెతికేవారు ఈ గుజిలీ ప్రతిని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఆ పుస్తకంలో రెండు సంగతులు నన్ను నిలబెట్టేశాయి. స్టుంప్ నేరం ఒప్పుకున్నది హింసాయంత్రం ముందు. దాని మీదకు ఎక్కించేసరికి ఆ బాధకు జడిసి అన్నీ చెప్పాడని పుస్తకమే రాసింది, పైగా దాన్ని స్వచ్ఛంద ఒప్పుకోలుగా రాసింది. రెండోది నడికట్టు. ఫలానా లోయలో పారేశానని అతను చెప్పాడు. అధికారులు మనుషుల్ని పంపి వెతికించారు. దొరకలేదు. దొరకకపోతే ఏమనుకోవాలి? లేదనుకోవాలి. న్యాయాధికారులు అలా అనుకోలేదు. దెయ్యం తన వస్తువు తానే తీసుకుపోయిందని తేల్చారు. సాక్ష్యం లేకపోవడమే సాక్ష్యమైంది!

ఆ కాలం అలాంటిదని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. స్టుంప్ చావుకు 26 ఏళ్ళ ముందే, 1563లో, యోహాన్ వైయర్ అనే వైద్యుడు మంత్రగత్తెల విచారణలను ఖండిస్తూ పెద్ద గ్రంథం రాశాడు. మృగాలుగా మారామని చెప్పుకునేవారిది మనోవ్యాధి అన్నాడు. ఆయన ఎక్కడో దూరాన ఉన్నవాడు కాదు. కొలోన్‌కు పొరుగున ఉన్న క్లీవ్స్ ప్రభువు ఆస్థాన వైద్యుడు. ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ 1584లో అదే ధోరణిలో రాశాడు. హేతువు ఆ గడ్డ మీదే, ఆ తరంలోనే ఉంది. దాని మాట వినే అవసరం పాలకులకు లేదు. అవసరం ఎందుకు లేదో చూడాలంటే 1583 నుంచి 1588 దాకా కొలోన్ ప్రాంతాన్ని ధ్వంసం చేసిన యుద్ధాన్ని చూడాలి. ఆర్చిబిషప్ ప్రొటెస్టెంటు మతంలోకి మారడంతో మొదలైన ఆ యుద్ధంలో కిరాయి సైన్యాలు పల్లెల్ని దోచి కాల్చాయి. కేథలిక్కులు గెలిచిన ఏడాదికి స్టుంప్ దొరికాడు. అతన్ని ప్రొటెస్టెంటు అయినందుకే బలిచేశారేమోనని అనుమానించిన చరిత్రకారులున్నారు. ఆ సంగతి ఎలా ఉన్నా, అయిదేళ్ళపాటు సైనికులు చంపిన మనుషుల కోసం ఎవరూ స్తంభం నాటి చెక్కముక్కలు కట్టలేదు.

ఫ్రాన్స్‌లో 1573లో దోల్ న్యాయస్థానం తోడేలు మనిషిని వేటాడడానికి రైతులకు అనుమతి ఇచ్చింది. వాళ్ళు పట్టుకొచ్చిన గిల్ గార్నియే ఊరికి దూరంగా బతికే పరమ దరిద్రుడు, ఇంట్లో ఆకలి. అతన్నీ కాల్చారు. ఇంకో ముప్ఫై ఏళ్ళకు, 1603లో, బోర్డో న్యాయస్థానం ముందుకు జాఁ గ్రెనియే అనే పశువుల కాపరి కుర్రవాడు వచ్చాడు. తానే తోడేలునన్నాడు. వయసు పదమూడో పద్నాలుగో. అతని మందబుద్ధినీ వయసునూ లెక్కలోకి తీసుకున్న న్యాయాధికారులు చంపకుండా మఠంలో ఉంచారు. అడవిలో తోడేలు మారలేదు, మారింది న్యాయపీఠం మీది చూపు. డిటెక్టివ్ కథ పుట్టడానికి కావలసిన నేల అక్కడ తయారవుతున్నదని నా ఊహ.

ఆ కథ పుట్టినప్పుడు కూడా హంతకుడు మృగమే. ఎడ్గార్ అలన్ పో 1841లో రాసిన 'రూ మోర్గ్ హత్యలు'లో పారిస్ నగరం నడిబొడ్డున తల్లీకూతుళ్ళు ఘోరంగా హతమౌతారు. పోలీసులు అలవాటు ప్రకారం ఒక బ్యాంకు గుమాస్తాను జైల్లో పెడతారు. లోపల వినిపించిన వింత గొంతు ఏ భాషదని సాక్షుల్ని అడిగితే, ప్రతివాడూ తనకు రాని భాష పేరు చెబుతాడు. సాహిత్య విద్యార్థులు ఈ ఒక్క ఘట్టం కోసమైనా ఆ కథ చదవాలి. తెలియనిదాన్ని పరాయివాడికి అంటగట్టే మనిషి స్వభావాన్ని పో రెండు పేజీల్లో పట్టుకున్నాడు. డ్యూపాఁ వెంట్రుకలనూ వేళ్ళ గుర్తులనూ కొలిచి చూసి, చంపింది ఒక ఒరాంగుటాన్ అని తేలుస్తాడు. దాన్ని బోర్నియో నుంచి ఒక నావికుడు అమ్ముకోవడానికి తెచ్చాడు. దెయ్యం లేదు, నడికట్టు లేదు. ఓడల వర్తకం ఉంది. మరుసటి ఏడాది, 1842లో, లండన్ పోలీసులు డిటెక్టివ్ శాఖను ఏర్పాటు చేశారు.

1867లో మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినం గురించి రాస్తూ, అదనపు శ్రమ కోసం పెట్టుబడి పడే ఆబను తోడేలు మనిషి ఆకలితో పోల్చాడు. తోడేలు మనిషి అడవి వదిలి ఫ్యాక్టరీలోకి వచ్చిందన్నమాట. కానన్ డాయిల్ 1901-02లో రాసిన 'బాస్కర్‌విల్ వేటకుక్క'లో మండే నోటితో తిరిగే శాపగ్రస్త కుక్క, చివరికి భాస్వరం పూసిన మామూలు కుక్క. దాని వెనక ఉన్నది ఎస్టేటు కోసం కాచుకున్న వారసుడు. ఆస్తి తగాదాను శాపంగా కనిపించేలా చేయడం భూస్వామ్యపు పాత విద్య అని ఇంత సూటిగా చెప్పిన కథలు తక్కువ. (అంతటి డాయిల్ 1922లో దేవకన్యలు నిజంగా ఉన్నారని వాదిస్తూ పుస్తకం రాశాడు. హేతువాదం పాత్రకు అబ్బినంత మాత్రాన రచయితకు అబ్బాలని లేదు.) ఆ తర్వాత గాలి మారింది. ఆల్జెర్నన్ బ్లాక్‌వుడ్ 1908లో సృష్టించిన డాక్టర్ జాన్ సైలెన్స్ తోడేలు మనిషి కేసును కూడా చేపట్టాడు, కానీ దాన్ని కొట్టిపారేయడు, నమ్మి నయం చేస్తాడు. దర్యాప్తు చేసేవాడే మంత్రవేత్త అయ్యే దారి అక్కడ తెరుచుకుంది. ఆ దారి చివర ఉన్నవాడు హారీ డ్రెస్డెన్.

ఇప్పుడు చికాగో నవలకు వస్తాను. నేను అనుకున్నంత తేలిక పుస్తకం కాదది. మెక్‌ఫిన్ అనే ధనికుడికి వంశశాపం ఉంది, పౌర్ణమికి మృగమౌతాడు. అనుమానం అతని మీదకు పోతుంది. కానీ హత్యల వెనక ఉన్న అసలు మనుషులు ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు! చట్టానికి చిక్కని మార్కోన్ అనే ముఠా నాయకుణ్ణి అంతం చేయాలని బయలుదేరి, తోడేలు చర్మపు బెల్టులు కట్టుకుని, ఆ బలానికి అలవాటుపడి, తమ నేరాలు కప్పిపుచ్చుకోవడానికి మెక్‌ఫిన్ శాపాన్ని వాడుకుంటారు. చట్టానికి చిక్కనివాణ్ణి చట్టం బయట చంపే రక్షకభటుల కథను మన రాష్ట్రాల పాఠకుడికి విడమరచి చెప్పనక్కర్లేదు. మనవాళ్ళు దానికి ఎన్‌కౌంటర్ అని పేరు పెట్టారు. డ్రెస్డెన్ కూడా ఒకసారి ఆ బెల్టు కట్టుకుంటాడు, కట్టుకున్నప్పుడు హాయిగా ఉంటుంది. అధికారపు మత్తును రచయిత ఎరిగినవాడే.

అయితే నవల నన్ను చివరిదాకా ఒప్పించలేకపోయింది. బెడ్‌బర్గ్ లోయలో 1589లో దొరకని నడికట్టు, చికాగోలో 2001లో దొరికింది. న్యాయాధికారులు వెతికి చూపలేని సాక్ష్యాన్ని, నాలుగు శతాబ్దాల తర్వాత నవలాకారుడు వాళ్ళకు సమకూర్చి పెట్టాడు. దానితో రెండు పనులు జరిగాయి. తోడేలు మనుషులు నిజంగానే ఉన్నారు కనుక పాత కాలపు విచారణలు మరీ పిచ్చివి కావన్న భావం కథలోకి వచ్చి కూర్చుంది. రెండోది ఇంకా ముఖ్యం: పాపమంతా బెల్టుది. ఏజెంట్ల కథ ముగిస్తే నగరం మళ్ళీ శుభ్రం.

ఆ నవల వచ్చిన రోజుల్లో చికాగోలో బెల్టు లేని కథ ఒకటి నడుస్తోంది. జాన్ బర్జ్ అనే పోలీసు అధికారీ, అతని కింది డిటెక్టివ్‌లూ 1972 నుంచి 1991 దాకా వందమందికి పైగా మనుషుల్ని హింసించి నేరాలు ఒప్పించారు. బాధితులు దాదాపు అందరూ నల్లవారు. కరెంటు షాకులు ఇచ్చారు, టైపురైటరు కవరు తలకు తొడిగి ఊపిరి ఆపారు. కొందరికి ఆ ఒప్పుకోలు మీదే ఉరిశిక్షలు పడ్డాయి. 1982లోనే ఒక జైలు వైద్యుడు ఖైదీ ఒంటి మీది గాయాలు చూసి పోలీసు ఉన్నతాధికారికి ఉత్తరం రాశాడు. వైయర్ పుస్తకానికి జరిగిందే ఆ ఉత్తరానికీ జరిగింది. గుట్టు విప్పింది ఏ మంత్రగాడూ కాదు. 1989లో బాధితుడి తరఫు న్యాయవాదులకు పోలీసు శాఖ కవర్లలోనే ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చాయి. వాటిలోని జాడలు పట్టుకుని వాళ్ళు ఒక్కొక్క బాధితుణ్ణీ వెతుక్కుంటూ పోయారు. 1990లో జాన్ కాన్రాయ్ అనే విలేఖరి ఆ కథను వివరంగా అచ్చులో పెట్టాడు. 1993లో బర్జ్ ఉద్యోగం పోయింది. 2003 జనవరిలో ఇల్లినాయ్ గవర్నరు జార్జ్ రయన్ బర్జ్ బాధితులు నలుగురికి క్షమాభిక్ష ఇచ్చి, మిగిలిన 167 మంది మరణశిక్షలను రద్దు చేశాడు. హింసించిన నేరానికి కాలపరిమితి దాటిపోయిందట! 2010లో బర్జ్‌ను దోషిగా తేల్చింది అబద్ధపు ప్రమాణానికీ, న్యాయానికి అడ్డుపడినందుకూ మాత్రమే.

నేను నవలను తప్పుపడుతున్నది మంత్రం ఉన్నందుకు కాదు. మన జానపద కథల నిండా మంత్రాలే. ఎడ్గార్ థర్‌స్టన్ 1912లో ప్రచురించిన పుస్తకంలో గోదావరి ప్రాంతపు నమ్మకం ఒకటి రాశాడు. రాత్రివేళ పులిగా మారే స్త్రీని చెడిపె అంటారనీ, ఆ మారిన పులిని మరులుపులి అంటారనీ, దానికి ఒక కాలు మనిషి కాలుగానే మిగిలిపోతుందనీ. ఆ మిగిలిపోయిన మనిషి కాలు ఎంత గొప్ప కల్పన! నాకు అభ్యంతరం లేదు. అయితే అదే నమ్మకం పక్కన ఇంకొకటి ఉంది: మంత్రం సరిగా పలకకుండా మంత్రగాడి ముందుపళ్ళు ఊడగొట్టాలని. మెదక్ వైపు బాణామతి నెపం మీద మనుషుల పళ్ళు పీకిన వార్తలు మనం పత్రికల్లో చదివినవే. చేతబడి అనుమానంతో చంపడం తెలంగాణ పల్లెల్లో ఈ శతాబ్దంలో కూడా ఆగలేదు. ఆ కేసుల్లో దొరికే సాక్ష్యం ఏమిటని ఆరా తీస్తే సాధారణంగా నిమ్మకాయలూ, పసుపూ, ఒక భూమి తగాదా.

'తులసిదళం' నాడు మనం అడగవలసిన ప్రశ్న ఇదేననిపిస్తుంది. కథలో కాష్మోరా ఉందా లేదా అని మాత్రమే కాదు, ఫలానావాడు మృగమని తేల్చే అధికారం కథ ఎవరి చేతికి ఇస్తున్నది, ఏ సాక్ష్యంతో ఇస్తున్నది అని.

కుర్రవాడికి పుస్తకం తిరిగి ఇచ్చేస్తూ ఈ సంగతులన్నీ చెప్పాను. తన సెమినారు పత్రంలో నవలతోపాటు బర్జ్ కేసును కూడా చేర్చవచ్చా, అది సాహిత్యం కాదంటారేమో అని సందేహపడ్డాడు. 2015లో చికాగో నగరసభ బాధితులకు 55 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించినప్పుడు, ఆ తీర్మానంలో ఇంకో షరతు కూడా పెట్టారని చెప్పాను. ఆ నగరంలోని ప్రభుత్వ పాఠశాలల్లో 8వ తరగతి పిల్లలకూ, 10వ తరగతి పిల్లలకూ ఈ కేసును పాఠంగా చెప్పాలని.