రాయవేలూరు సీమలో వకీలు లేని ఫిర్యాదు

వ్యాజ్యమాడువాడు తన మాట తానే చెప్పుకొనుట యీ సీమకు క్రొత్త గాదు. తామస్ మన్రో యధ్యక్షుడుగా 1814లో నేర్పడిన న్యాయవిచారణ సంఘముయొక్క కృషిఫలముగా 1816లో మద్రాసు ప్రభుత్వము కొన్ని రెగ్యులేషనులను గావించెను. వానిలో నాల్గవదాని ననుసరించి గ్రామపెద్దయే మునసబై పది ఆర్కాటు రూపాయలకు మించని దావాలను విచారింపజొచ్చెను. పది రూపాయల తగవునకు ప్లీడరును కుదుర్చుకొన్నచో తగవు కంటె ఖర్చే పెరుగునని యెఱుగని వారెవ్వరు?

నాడు రాయవేలూరును గుడియాత్తమును ఉత్తరార్కాటు జిల్లాలోనివి. జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరు. తెలుగును తమిళమును ఒకే కలెక్టరు కచేరీలో వినబడుచుండెను. 1911 ఏప్రిలు 1వ తేదీన చిత్తూరు జిల్లా వేఱుపడగా వేలూరు ఉత్తరార్కాటునకు ముఖ్యపట్టణమయ్యెను. 1956లో తమిళమును అధికారభాష జేయు చట్టము వచ్చెను. 1960 ఏప్రిలు 1న సరిహద్దులు మారినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున జేరెను గాని గుడియాత్తము స్థితి మారలేదు. ఇంట తెలుగు, కచేరీలో తమిళము: ఇదియే యిచ్చటి తెలుగువారి వ్యవహారముగా స్థిరపడెను.

1986 వినియోగదారుల రక్షణచట్టము ఆ పాత మునసబు కోర్టుల సౌలభ్యమును మరల గొంత తెచ్చినది. కొన్నవాడు తానే ఫిర్యాదు వ్రాసికొని జిల్లా ఫోరమున నీయవచ్చును. వకీలు గాని ప్రతినిధియు వాదింపవచ్చునని 2011లో సుప్రీంకోర్టు తేల్చెను. ఐనను పాత చట్టమున నొక చిక్కుండెను. గుడియాత్తపు గృహస్థుడొకడు చెన్నపట్టణమున ఫ్రిజ్జు కొనెననుకొందము. అమ్మినవాడున్నచోటనో, వ్యాజ్యకారణము పుట్టినచోటనో ఫిర్యాదు చేయవలయును గనుక నాతడు ప్రాయికముగా చెన్నపట్టణమునకే తిరుగవలసియుండెను. 2020 జూలై 20న అమలునకు వచ్చిన 2019 చట్టము, కొన్నవాడు నివసించుచోటనే ఫిర్యాదు చేయవచ్చుననెను. కావున నేడాతనికి వేలూరు జిల్లా కమిషను చాలును. చెల్లించిన వెల అయిదు లక్షలు మించనిచో రుసుము లేదు.

ఫిర్యాదు వ్రాయుటకు పాండిత్యముతో బనిలేదు. కొన్న తేది, చెల్లించిన సొమ్ము, వస్తువు చెడిన తేది, దుకాణమువారికి దెలిపిన తేది, వారిచ్చిన జవాబు. ఈ వరుస చెదరకున్న సగము పని తీఱినట్లే. కోపమును వెలిబుచ్చు వాక్యములు కాగితమును పెంచునే గాని బలమును పెంచవు. పిదప, కోరునదేమో విస్పష్టముగా జెప్పవలయును: సొమ్ము వాపసా, వస్తువు మార్పా, నష్టపరిహారమా? రసీదు, గ్యారంటీ కార్డు, ఉత్తరముల నకళ్ళు వరుససంఖ్యలతో జతపఱచి, వానికొక పట్టిక వ్రాసి, అఫిడవిట్టు చేర్చి, ప్రతివాదుల లెక్కకు తగినన్ని ప్రతులు సిద్ధపఱుపవలయును. ముందుగా దపాలాలో నోటీసు పంపి దాని రసీదు దాచుకొనుట వివేకము. వ్యాజ్యకారణము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయనిచో కాలదోషము పట్టును. ఆలస్యమునకు దగిన కారణము చూపినగాని కమిషను స్వీకరింపదు. బిల్లీయని దుకాణదారుడు తప్పించుకొనజాలడు. బిల్లీయకుండుటయే అనుచిత వ్యాపారమని 2019 చట్టము పేర్కొన్నది. (వకీలు సేవలోని లోపము ఈ చట్టముక్రిందికి రాదని 2024లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుట యిచ్చట నొక వినోదము.)

అసలు కష్టము భాషలో నున్నది. ఏ బాధనివారణకైనను దేశమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న యే భాషలోనైనను అధికారులకు విజ్ఞప్తి చేసికొనవచ్చునని రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. కాని విజ్ఞప్తి వేఱు, వ్యాజ్యము వేఱు. వేలూరులో ఫిర్యాదు తమిళమున గాని ఆంగ్లమున గాని వ్రాయుటయే ఆచారము. తెలుగున మాత్రమే చదువ నేర్చిన వృద్ధులు వకీలును విడిచినను వ్రాతగానిని విడువజాలరు. 2006 తమిళ అభ్యసన చట్టము 2006-07 నుండి తరగతి వెంబడి తరగతిగా నమలు జరుగుటచే పల్లెలలోని తెలుగు పిల్లలకు తమిళపు వ్రాత యలవడినది. మనుమరాలు వ్రాయగా అవ్వ సంతకము చేయు ఫిర్యాదులకు దారి యేర్పడినది. ఆ చట్టమువలన తెలుగు చదువునకు గలిగిన నష్టము వేఱు చర్చ. ఈ యొక్క లాభమును గాదనుట న్యాయము గాదు.

తమిళపు కాగితము క్రింద తెలుగు సంతకమున్నచోట మిక్కిలి జాగ్రత్త యవసరము. అఫిడవిట్టులోని మాటకు ప్రమాణము చేసినవాడే పూచీదారు. కావున అందలి విషయము ఆతనికి తెలుగున చదివి వినిపించి, బోధపఱచి, అట్లు చేసితినని ప్రమాణము చేయించు అధికారి వ్రాయుట చిరకాలపు కోర్టు మర్యాద. ఆ రెండు పంక్తులు లేని కాగితముపై సంతకము చేయుమని యడిగినచో, అవి వ్రాసి తెమ్మని త్రిప్పి పంపు హక్కు సంతకము చేయువానిదే.