పిల్లాడు చెప్పిన పెద్దల బొమ్మల కథ

కడియం అనగానే నర్సరీలు, పూలమొక్కలు గుర్తొస్తాయి. ఆ పక్కనే, గోదావరి ఆనకట్ట దగ్గర ధవళేశ్వరంలో 1931లో రచయిత ముళ్లపూడి వెంకటరమణ పుట్టారు. తండ్రిది ఆనకట్ట ఆఫీసులో ఉద్యోగం. ఆయన పోయాక కుటుంబం మద్రాసు చేరింది. గోదావరి సముద్రంలో కలిసే వైపు, నరసాపురంలో 1933లో సత్తిరాజు లక్ష్మీనారాయణ పుట్టారు. ఆయనే చిత్రకారుడు బాపు. వీళ్లిద్దరూ మద్రాసులో బడి స్నేహితులయ్యారు. పెద్దవాళ్లు చదువుకునే బొమ్మల కథ తెలుగులో ఇంటింటికీ చేరిందంటే అది ఈ స్నేహం చలవే.

బొమ్మతో నవ్వించడం వీళ్లతో మొదలు కాలేదు. 1930 ప్రాంతంలోనే తలిశెట్టి రామారావు ‘భారతి’ పత్రికలో కార్టూన్లు వేశారు. అంతకు చాలా ముందు నుంచీ తోలుబొమ్మలాట ఉంది. కాకినాడ దగ్గర మాధవపట్నం దానికి పేరుమోసిన ఊరు. తెర మీద రామాయణం నడుస్తుండగానే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యపాత్రలు దూరి మొగుడూ పెళ్లాల తగాదాలు, సరసాలు పచ్చిగా మాట్లాడేస్తారు. దేవుడి కథలో పెద్దల హాస్యానికి చోటివ్వడం మన జనానికి ఎన్నడూ తప్పనిపించలేదు.

1956లో ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికలో రమణ రచన, బాపు బొమ్మలతో ‘బుడుగు’ మొదలైంది. అది పిల్లల పుస్తకమని చాలామంది అనుకుంటారు. కాదు. మాట్లాడేది పిల్లాడు, వినాల్సింది పెద్దవాళ్లు. అమ్మ రాధ, నాన్న గోపాలం ఎప్పుడు అలిగారో, ఎప్పుడు కలిసిపోయారో, బాబాయి రెండుజెళ్ల సీత కోసం ఎందుకు తిరుగుతున్నాడో బుడుగు చూస్తాడు. చూసింది చూసినట్టు చెప్పేస్తాడు. అందులో దాగింది వాడికి తెలియదు, చదివేవాళ్లకు తెలుస్తుంది. శృంగారం, అప్పు, పెద్దరికం, పరువు ఒక్క బరువైన మాట లేకుండా బయటపడతాయి. రమణ రాసింది తూర్పు గోదావరి ఇళ్లలో వినిపించే మాట. బాపు బొమ్మ ఆ మాటనే మళ్లీ చెప్పదు. మాట వదిలేసిన చూపునీ మూతి విరుపునీ అది పట్టుకుంటుంది.

‘బుడుగు’ గళ్లు గళ్లుగా సాగే కామిక్ కాదన్నది నిజమే. అయినా బొమ్మను తీసేస్తే కథ సగమే మిగులుతుంది.

గళ్ల పని మరోచోట కనిపిస్తుంది. 1967లో బాపు ‘సాక్షి’ సినిమా తీసినప్పుడు గౌతమి అవతల పులిదిండి ఊళ్లో షూటింగ్ జరిగింది. బాపు తన సినిమాల్లో ప్రతి షాటునీ ముందే బొమ్మగా గీసుకునేవారు. ఒక విధంగా తెలుగువాళ్ల పెద్దల కామిక్ పుస్తకంగా అచ్చు కాకుండా తెరకెక్కింది. ‘బాపు బొమ్మ’ అన్నది అందమైన అమ్మాయికి మారుపేరైంది. 1983లో జంధ్యాల తన సినిమాకు ‘రెండుజెళ్ల సీత’ అనే పేరు పెట్టారు. కాగితం మీది పాత్రలు జనం నోట్లోకి అంత మామూలుగా వెళ్లిపోయాయి.

ఇందులో నేటి పాఠకుడిని ఇబ్బంది పెట్టేవీ ఉన్నాయి. లావుపాటి పక్కింటి పిన్నిగారి ఒళ్లే నవ్వుకు సరుకు కావడం ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ నవ్వుల లోకం మధ్యతరగతి వాకిలి దాటి దూరం పోలేదు కూడా. పొలంలో పనిచేసే మనిషి, వాడ మనిషి అందులో దాదాపు కనిపించరు.

దేశంలో పెద్దల కామిక్ విడి పుస్తకంగా నిలబడటానికి చాలాకాలం పట్టింది. నర్మద ఆనకట్ట చుట్టూ ఒరిజిత్ సేన్ గీసిన ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ 1994లో వచ్చింది. సారనాథ్ బెనర్జీ ‘కారిడార్’ 2004లోనూ, అంబేడ్కర్ జీవితాన్ని గోండు చిత్రకళలో చెప్పిన ‘భీమాయణ’ 2011లోనూ వచ్చాయి. తెలుగులో బాపు వదిలిన చోటు నుంచి గీతను రాజకీయాల వైపు మళ్లించినవాళ్లలో ఏలూరుకు చెందిన కార్టూనిస్టు మోహన్ ముఖ్యుడు. నల్లగొండ నుంచి వచ్చిన కార్టూనిస్టు శేఖర్ ఇంకా ముందుకు వెళ్లాడు. తన ఒంట్లో క్యాన్సర్‌తో పోరాడుతూనే కులం మీద గీసిన కార్టూన్లను ‘క్యాస్ట్ క్యాన్సర్’ పేరుతో పుస్తకంగా తెచ్చి, 2014లో కన్నుమూశాడు.