కాక్‌పిట్ వదలని దళపతి

ప్రత్తిపాడుకు నైరుతి దిక్కున, కొరిశపాడు దగ్గర జాతీయ రహదారినే రన్‌వేగా మలిచారు. 2022 డిసెంబరులో అక్కడ వాయుసేన ట్రయల్ జరిపితే మన ప్రాంతంలో మాటలన్నీ విమానాల గురించే. వాటిని ఎగరేసే దళానికి నాయకుడెలా తయారవుతాడన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. ఫైటర్ పైలట్ గొప్పను కూల్చిన విమానాల లెక్కతో కొలవడం లోకరీతి. ఆ లెక్కలో వీరుడు తేలతాడే తప్ప నాయకుడు తేలడు. ఈ వృత్తిలో నాయకత్వానికి గుర్తు ఒక్కటే: హోదా ఎంత పెరిగినా కింది వాళ్లు ఎక్కే విమానం తానూ ఎక్కడం.

అమెరికన్ పైలట్ రాబిన్ ఓల్డ్స్ రెండు యుద్ధాల్లో 16 విమానాలు కూల్చాడు. పేరు దానికే వచ్చింది. నాయకత్వం వేరేచోట ఉంది. వియత్నాం యుద్ధ కాలంలో, 1966లో, థాయ్‌లాండ్‌లోని ఉబోన్ స్థావరానికి అధిపతిగా వెళ్లి, మొదట తన కింది అధికారుల వెనకే కొత్తవాడిలా ఎగిరి పని నేర్చుకున్నాడు. 1967 జనవరి 2న ఫాంటమ్ విమానాలను బాంబులు మోసే థండర్‌చీఫ్‌లని నమ్మించి, ఉత్తర వియత్నాం మిగ్-21లను పైకి రప్పించి దెబ్బకొట్టిన ఎత్తుగడకు రూపమివ్వడంలో ముఖ్యపాత్ర ఒక కెప్టెన్‌ది. చిన్నవాడి తెలివిని నమ్మి, ఆ దాడిని ఓల్డ్స్ స్వయంగా ముందుండి నడిపాడు.

మన నేల మీద ఈ గుణానికి నిదర్శనం ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923లో హైదరాబాదులో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1942లో వాయుసేన అధికారి అయ్యారు. మొదటి కొలువు కరాచీలో. పైకప్పు లేని కాక్‌పిట్, రెండంతస్తుల రెక్కలు ఉన్న పాతకాలపు విమానాల్లో అరేబియా సముద్రం మీద జలాంతర్గాముల జాడ వెతకడం పని. తర్వాత బ్రిటన్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్‌లు నడిపారు. దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వాయుసేనలోకి రమ్మని సహచరులు పిలిచినా భారత్‌లోనే ఉండిపోయారు. 1978లో వాయుసేనాధిపతి అయ్యాక కూడా దళంలోని రకరకాల విమానాలు స్వయంగా ఎక్కి చూశారు. 1981 ఆగస్టులో, దిగిపోయే ముందు, మిగ్-25లో ఎగిరారు. అప్పటికి ఆయన వయసు 58.

ఓల్డ్స్ పక్కన లతీఫ్‌ను నిలపడానికి ఆయన ఏ విమానం కూల్చాడని ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్న మళ్లీ పాత కొలబద్ద దగ్గరికే పోతుంది. ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి: సేనాధిపతి పని ఆఫీసులో ఉంటుంది, ఆ వయసులో ఎగరడం ప్రదర్శన కాదా? కాదు. శత్రుభూమి లోపలికి చొచ్చుకెళ్లే దాడి విమానం కావాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలిగింది. లతీఫ్ పట్టుబట్టి ప్రభుత్వాన్ని ఒప్పించాకే జాగ్వార్‌కు అనుమతి వచ్చింది. అప్పటికి దళంలో ఉన్న కాన్‌బెర్రా, హంటర్ విమానాల వయసు మీరిందన్న సంగతి ఫైళ్లలోనూ ఉంటుంది నిజమే. అయితే ఆ విమానాలతో కుర్రవాణ్ణి యుద్ధానికి పంపడం ఎంత ప్రమాదమో గట్టిగా చెప్పడానికి కాక్‌పిట్‌లో కూర్చున్న అనుభవం కావాలి. మొదటి జాగ్వార్‌లు 1979 జూలైలో అంబాలాలో దిగాయి. నాలుగు దశాబ్దాలు దాటాక కూడా మన పైలట్లు ఆ విమానాల్లో ఎగురుతూ వచ్చారు.